అప్‌ఫ్రంట్‌గా వచ్చిన 60 లక్షల డాలర్లు ఈ మార్చికే ఆదాయమా? ఫార్మా లైసెన్స్ ఒప్పందం లెక్క

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు నీ సమస్యను క్లుప్తంగా చెప్తాను, నేను ఎక్కడైనా తప్పు అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దు.

రేణిగుంట వైపు ఉన్న మీ కంపెనీ ఒక కొత్త ఫార్ములేషన్ తయారుచేసింది, దానికి పేటెంట్ ఉంది. అమెరికాలో దాన్ని అమ్ముకునే ఎక్స్‌క్లూజివ్ హక్కును 10 ఏళ్లకు అక్కడి కంపెనీకి ఇచ్చారు. జనవరిలో సంతకాలయ్యాయి, అప్‌ఫ్రంట్ (ముందుగానే ఇచ్చే మొత్తం) 60 లక్షల డాలర్లు, తిరిగి ఇవ్వక్కర్లేదు. బ్యాంకులో మాత్రం 51 లక్షలే పడింది, మిగతాది అక్కడ టాక్స్ పట్టుకున్నారు. ఎఫ్‌డీఏకి (అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ) అప్లికేషన్ పెట్టేదాకా మిగిలిన స్టెబిలిటీ స్టడీలు (మందు ఎంతకాలం చెడిపోకుండా ఉంటుందో చూసే పరీక్షలు), బయోఈక్వివలెన్స్ పని (శరీరంలో మందు సరిపోలే మందులాగే అందుతోందా అన్న పరీక్ష), డోసియర్ (అప్లికేషన్ పత్రాల కట్ట) తయారీ మీ బాధ్యతే, దానికి విడిగా డబ్బు లేదు. అప్రూవల్ వస్తే 40 లక్షల డాలర్లు. అమ్మకాలు మొదలయ్యాక నెట్ సేల్స్ మీద 8 శాతం రాయల్టీ. ఏ ఏడాదైనా నెట్ సేల్స్ మొదటిసారి 5 కోట్ల డాలర్లు దాటితే ఇంకో 50 లక్షలు. మందు మీ ప్లాంటులో తయారుచేసి, ఖర్చు మీద 15 శాతం వేసి పంపాలి. ఎండీ గారు "డబ్బు వచ్చింది, వెనక్కి ఇచ్చేది లేదు, మొత్తం ఈ మార్చికే చూపించు" అంటున్నారు. ఆడిటర్ గారు "లైసెన్స్ 10 ఏళ్లది కాబట్టి 10 ఏళ్లకు పంచు" అంటున్నారు. మధ్యలో నీకు టెన్షన్.

నువ్వు ఇచ్చిన వివరాలను బట్టి ఇద్దరు చెప్పేదీ నిలబడదు. ఎండీ గారు చెప్పేది నగదు సంగతి. వచ్చిన డబ్బు వెనక్కి ఇవ్వక్కర్లేదు అంటే ఆ డబ్బు మీదే అని మాత్రమే అర్థం, దానికి బదులుగా మీరు చేస్తామన్న పని అయిపోయిందని కాదు. ఆడిటర్ గారు చెప్పేది ఒప్పందం గడువు సంగతి. 10 ఏళ్లు అనేది ఆ హక్కు ఎంతకాలం ఉంటుందో చెబుతుంది తప్ప మీరు 10 ఏళ్లపాటు ఏదో చేస్తూ ఉంటారని చెప్పదు. ఆదాయం ఎప్పుడు రాయాలో తేల్చే ప్రశ్న ఒక్కటే: మీరు ఏమేం ఇస్తామని మాటిచ్చారు, అందులో మార్చి 31 నాటికి ఏమేం ఇచ్చేశారు? నీ దగ్గరున్న పేచీ మొత్తం ఈ ప్రశ్నకు జవాబు రాసుకుంటే విడిపోతుంది.

నేను తిరుపతిలో ప్రాక్టీసు పెట్టకముందు హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీల ఫైనాన్స్ విభాగాల్లో పనిచేశాను, ఇలాంటి ఒప్పందాలు చాలా చూశాను. మన చిత్తూరు, తిరుపతి వైపు ఆఫీసులకు ఎక్కువగా వచ్చేవి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, పాల డెయిరీలు, గ్రానైట్, లాడ్జీలు, కాలేజీలు. అక్కడ సరుకు గేటు దాటిందా, బిల్లు వేశామా అంటే దాదాపు సరిపోతుంది. లైసెన్స్ ఒప్పందం ఒకటి వచ్చేసరికి చాలామంది నేరుగా అకౌంటింగ్ స్టాండర్డ్ తెరుస్తారు. ముందు ఒప్పందం చదవాలి, అదీ కమర్షియల్ టర్మ్స్ ఉన్న రెండు పేజీలు కాదు, మొత్తం, వెనకున్న అనెక్షర్లతో సహా. పనికొచ్చే విషయమంతా చాలాసార్లు టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ అనెక్షర్‌లోనూ సప్లై అనెక్షర్‌లోనూ ఉంటుంది.

మీకు ఏ స్టాండర్డ్ వర్తిస్తుందో ముందు చూసుకో. లిస్టెడ్ కంపెనీ అయినా, లిస్ట్ కాకపోయినా నెట్‌వర్త్ 250 కోట్ల రూపాయలు ఆ పైన ఉన్నా, లేదా అలాంటి కంపెనీకి సబ్సిడరీ అయినా ఇండ్ ఏఎస్ (ఇండియన్ అకౌంటింగ్ స్టాండర్డ్స్) వర్తిస్తుంది, అప్పుడు నీకు కావలసింది ఇండ్ ఏఎస్ 115. ఇది 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, అంతర్జాతీయంగా ఉన్న ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15కి మన రూపం. మీది లిస్టెడ్ కంపెనీకి సబ్సిడరీ అన్నావు, కాబట్టి అదే పట్టుకుని చెప్తాను. పాత ఏఎస్ 9 కింద ఉండే చిన్న కంపెనీలకు ఇంత వివరమైన నియమాలు లేవు, రాయల్టీని ఒప్పందం ప్రకారం అక్రూవల్ పద్ధతిలో (డబ్బు చేతికొచ్చినప్పుడు కాదు, రావలసినప్పుడు) రాసుకోమంటుంది. అప్‌ఫ్రంట్ విషయంలో అక్కడ కూడా పని మిగిలి ఉండగా మొత్తం ఆదాయం అనేస్తే సమర్థించుకోవడం కష్టమే.

ఇంకో చిన్న విషయం. ఎదుటి కంపెనీ మీకు కస్టమరేనా? కొన్ని ఒప్పందాల్లో ఇద్దరూ కలిసి ఖర్చు పెట్టి, కలిసి రిస్క్ మోసి మందు అభివృద్ధి చేస్తారు. అక్కడ అవతలివాళ్లు కస్టమర్ కాదు, భాగస్వామి, 115 నేరుగా వర్తించదు. మీ దాంట్లో వాళ్లు డబ్బిచ్చి హక్కు, పని, సరుకు కొంటున్నారు, ఉమ్మడి ఖర్చులు లేవు. కస్టమరే.

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం. మీరు ఇచ్చిన మాటలు మూడు: లైసెన్స్, అప్లికేషన్ దాకా డెవలప్‌మెంట్ పని, తర్వాత సరుకు సప్లై. ఇవి మూడూ విడివిడి బాధ్యతలా, లేక రెండు మూడు కలిసి ఒకటేనా అన్నదే మొత్తం లెక్కని మార్చేస్తుంది. స్టాండర్డ్ అడిగేది రెండు విషయాలు. లైసెన్స్ ఒక్కటే చేతికొస్తే, మిగతా పని ఇంకెవరితోనైనా చేయించుకుని వాళ్లు దాన్ని వాడుకోగలరా? ఒప్పందంలో ఆ రెండూ ఒకదానితో ఒకటి విడదీయలేనంతగా ముడిపడి ఉన్నాయా?

స్టాండర్డుతో పాటు వచ్చే ఉదాహరణల్లో 56వది సరిగ్గా ఫార్మా గురించే. ఒక కంపెనీ మందు పేటెంట్ హక్కును 10 ఏళ్లకు ఇస్తుంది, మందు తయారుచేసి ఇస్తానని కూడా అంటుంది. మొదటి సందర్భంలో తయారీ విధానం అంత ప్రత్యేకమైనది, ఇంకెవరూ చేయలేరు, కాబట్టి తయారీ లేకుండా లైసెన్స్ వాళ్లకు పనికిరాదు, రెండూ కలిపి ఒకే బాధ్యత. రెండో సందర్భంలో వేరే కంపెనీలు కూడా తయారు చేయగలవు, కాబట్టి లైసెన్స్ వేరు, తయారీ వేరు. మీది ఏ సందర్భమో నేనో ఆడిటరో కూర్చుని ఊహించాల్సిన అవసరం లేదు. సప్లై అనెక్షర్‌లో సెకండ్ సోర్స్ క్లాజు ఉందా చూడు. అంటే మీరు సప్లై చేయకపోతే, లేదా వాళ్లకు ఇష్టమైతే, ఇంకో తయారీదారుకి టెక్నాలజీ ఇప్పించుకునే హక్కు వాళ్లకుందా? ఉంది అన్నావు, పైగా టెక్ ట్రాన్స్‌ఫర్ ప్యాకేజీ వాళ్లకు ముందే ఇచ్చేయాలన్న షరతు కూడా ఉంది. అది చాలా బలమైన ఆధారం. డెవలప్‌మెంట్ పని కూడా అంతే. స్టెబిలిటీ, బయోఈక్వివలెన్స్, డోసియర్ పనులు చేసే సీఆర్‌ఓలు (కాంట్రాక్ట్ మీద పరిశోధన చేసే సంస్థలు) హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఉన్నాయి, మీ కంపెనీ కూడా ఇలాంటి పని వేరే కస్టమర్లకు విడిగా బిల్లు వేసి చేస్తోందని రాశావు. కాబట్టి ఆ పని లైసెన్స్ నుంచి వేరు అనడానికి నాకు ఇబ్బంది కనబడటం లేదు. అయితే మీ ఆర్ అండ్ డీ హెడ్‌ని కూర్చోబెట్టుకుని "ఈ మిగిలిన పని బయటివాళ్లు చేయగలరా, లేక మీ చేతిలో మాత్రమే ఉన్న నోహౌ కావాలా" అని అడిగి ఆయన చెప్పిన జవాబు రాతపూర్వకంగా తీసుకో. ఈ నిర్ణయం అకౌంటెంట్ ఒక్కడే తీసుకునేది కాదు.

సప్లై సంగతి: వాళ్లు ఆర్డర్ ఇస్తేనే మీరు తయారుచేస్తారు, కనీస కొనుగోలు ఏమీ లేదు, ఖర్చు మీద 15 శాతం అనేది ఇలాంటి తయారీకి మార్కెట్‌లో ఉండే ధరే అయితే అది వాళ్లకున్న ఒక ఆప్షన్ మాత్రమే. ఏ ఆర్డర్‌కి ఆ ఆర్డర్ అప్పటి లెక్క. అప్‌ఫ్రంట్‌లోంచి దానికి పైసా కేటాయించక్కర్లేదు. ధర మార్కెట్ కంటే బాగా తక్కువైతే మాత్రం అప్‌ఫ్రంట్‌లో కొంత భాగం ఆ తగ్గింపు కోసమే ఇచ్చినట్టు, దాన్ని మెటీరియల్ రైట్ (కస్టమర్‌కి దక్కిన విలువైన తగ్గింపు హక్కు) కింద పక్కన పెట్టాలి. మీ కాంట్రాక్ట్ తయారీ విభాగం బయటి కస్టమర్లకు వేసే మార్జిన్ ఎంతో చూసుకుంటే తేలిపోతుంది.

లైసెన్స్ ఆదాయం ఒకేసారా, కాలంతో పాటా? స్టాండర్డ్ లైసెన్సుల్ని రెండు రకాలుగా చూస్తుంది. ఇచ్చిన రోజు ఆ మేధోసంపత్తి ఎలా ఉందో అలా వాడుకునే హక్కు ఒకటి. మీరు దాన్ని మారుస్తూ, పెంచుతూ ఉంటే ఆ మంచిచెడ్డలు అవతలివాళ్లకు కూడా తగులుతూ ఉండేలా, లైసెన్స్ కాలమంతా దానికి అందుబాటు ఇవ్వడం రెండోది. బ్రాండ్ పేరు, ఫ్రాంచైజ్ లాంటివి సాధారణంగా రెండో రకం. మందు ఫార్ములా దానంతట అదే పనిచేస్తుంది, మీరు రేపు ఏం చేసినా చేయకపోయినా ఆ మాత్ర చేసే పని మారదు, కాబట్టి మొదటి రకం. "మరి పేటెంట్ 10 ఏళ్లు కాపాడాలి కదా, ఎవరైనా ఉల్లంఘిస్తే కోర్టుకి వెళ్లాలి కదా" అని ఆడిటర్ గారు అడుగుతారు. దానికి అనుబంధం బీలో, పేరా బీ62లో జవాబు ఉంది: గడువు, ప్రాంతం, వాడకం మీద ఉన్న పరిమితులు హక్కు స్వభావం మాత్రమే, పేటెంట్ చెల్లుతుంది, దాన్ని కాపాడతాం అన్న హామీ కూడా విడి బాధ్యత కాదు. ఆ పేరా ప్రింట్ తీసి ఆయన ముందు పెట్టు. గౌరవంగానే పెట్టు, ఆయన అడ్డు చెప్పడంలో తప్పులేదు, వాదన మాత్రం గడువు మీద కాకుండా మిగిలిన పని మీద జరగాలి.

మొదటి రకం కాబట్టి లైసెన్స్ ఆదాయం ఒకేసారి. ఎప్పుడు? సంతకం రోజు కాదు, డబ్బు పడిన రోజు కాదు. టెక్నాలజీ వాళ్ల చేతికి అంది, లైసెన్స్ కాలం మొదలై, వాళ్లు దాన్ని వాడుకుని ప్రయోజనం పొందగలిగే రోజు. ఈ ఒక్క తేదీ గురించి కింద మళ్లీ చెప్తాను, ఎందుకంటే నువ్వు రాసిన దాంట్లో నాకు అనుమానంగా ఉన్నది అదొక్కటే.

ఇక అంకెలు. డెవలప్‌మెంట్ పనిని మీరు బయట విడిగా అమ్మితే దాదాపు 15 లక్షల డాలర్లు వస్తుందని రాశావు, ఖర్చు 12 లక్షలని అంచనా. లైసెన్స్‌కి అలా విడి ధర దొరకదు, ఇలాంటి హక్కు మీరు ఇంతకుముందు ఎవరికీ అమ్మలేదు. అలాంటప్పుడు మొత్తం ధరలోంచి తెలిసిన ధర తీసేసి మిగిలింది దీనికి అని పెట్టుకునే రెసిడ్యుయల్ పద్ధతికి స్టాండర్డ్ ఒప్పుకుంటుంది. దాని ప్రకారం 60లో 15 పనికి, 45 లైసెన్స్‌కి. ఆ 45ని అలాగే వదిలేయకు. రాబోయే అమ్మకాల అంచనా, అప్రూవల్ వచ్చే అవకాశం కలిపి డిస్కౌంట్ చేసిన ఒక వాల్యుయేషన్ వర్కింగ్ పక్కన పెట్టుకో. మిగిలింది అన్న అంకె, ఆ వాల్యుయేషన్ పూర్తిగా వేరే దిక్కులో ఉంటే ఆడిటర్ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

డెవలప్‌మెంట్ పని కాలంతో పాటు నడిచేది, ఎందుకంటే లైసెన్స్ వాళ్ల చేతిలో ఉంది, మీరు చేసే ప్రతి స్టడీ వాళ్ల ఆస్తినే మెరుగుపరుస్తోంది. ఎంత అయిందో ఖర్చు ఆధారంగా కొలవొచ్చు. మార్చి 31 నాటికి 12 లక్షల్లో 2.4 లక్షలు ఖర్చయితే 20 శాతం పని అయినట్టు, 15లో 3 లక్షలు ఆదాయం. ఆ ఖర్చు కూడా ఖర్చు కిందే పోవాలి, ఇన్‌టాంజిబుల్ (కంటికి కనబడని) ఆస్తిలో కలిపి బ్యాలెన్స్ షీట్‌లో దాచొద్దు. అంటే లైసెన్స్ అందిపోయి ఉంటే ఈ ఏడాది ఆదాయం 45 ప్లస్ 3, మొత్తం 48 లక్షల డాలర్లు. మిగిలిన 12 లక్షలు కాంట్రాక్ట్ లయబిలిటీ, అంటే డబ్బు తీసుకున్నా ఇంకా చేయాల్సిన పని తాలూకు అప్పు. ఎండీ గారి లెక్కలో 60, ఆడిటర్ గారి లెక్కలో మూడు నెలలకు ఒకటిన్నర లక్ష. ఎంత తేడానో చూడు.

ఒకవేళ ఆర్ అండ్ డీ హెడ్ "లేదు, ఈ మిగిలిన పని మేం తప్ప ఎవరూ చేయలేరు, అది లేకుండా వాళ్లకు లైసెన్స్ చిత్తుకాగితమే" అని నిజాయితీగా చెబితే లైసెన్స్, డెవలప్‌మెంట్ కలిసి ఒకే బాధ్యత అవుతాయి. అప్పుడు 60 మొత్తం పని పురోగతి ప్రకారమే, అంటే ఈ మార్చికి 20 శాతం చొప్పున 12 లక్షలు, 48 లక్షలు లయబిలిటీ. అంకెలు సరిగ్గా తిరగబడతాయి. అందుకే ఈ ఒక్క నిర్ణయం మీద ఎంత సమయం పెట్టినా తక్కువే, ఎండీకి ఏ అంకె కావాలో చూసుకుని వెనక్కి వాదన అల్లితే మాత్రం రెండేళ్ల తర్వాత ఇబ్బంది పడేది కంపెనీయే. తయారీ కూడా మీ ఒక్కరి వల్లే అయ్యే ఒప్పందాల్లో ఇది ఇంకా ముందుకు జరిగి, అప్‌ఫ్రంట్ సప్లై మొదలయ్యేదాకా కదలదు.

అప్రూవల్ మీద వచ్చే 40 లక్షల గురించి నువ్వు "ఎక్స్‌పర్ట్స్ 80 శాతం ఛాన్స్ ఉందంటున్నారు, 32 లక్షలు రాయొచ్చా" అని అడిగావు. రాయొద్దు. వస్తే 40, రాకపోతే సున్నా, మధ్యలో 32 అనే అంకె ఎప్పటికీ రాదు. ఇలాంటి చోట ఎక్కువ అవకాశం ఉన్న మొత్తాన్ని తీసుకోవాలి, దాని మీద ఇంకో గట్టి అడ్డంకి ఉంది: రాసిన ఆదాయాన్ని తర్వాత పెద్దగా వెనక్కి తీయాల్సిన పరిస్థితి రాదని చాలా గట్టిగా నమ్మకం ఉంటే తప్ప రాయకూడదు. ఎఫ్‌డీఏ నిర్ణయం మీ చేతిలో లేదు. డోసియర్ బాగున్నా ప్లాంటు ఇన్‌స్పెక్షన్‌లో అబ్జర్వేషన్లు వచ్చి కంప్లీట్ రెస్పాన్స్ లెటర్ (ఇప్పుడున్న రూపంలో అప్రూవ్ చేయలేమన్న లేఖ) చేతికొచ్చిన కథలు మన ఫార్మాలో అందరికీ తెలుసు. కాబట్టి అప్రూవల్ లెటర్ వచ్చేదాకా సున్నా.

దీన్ని అతి జాగ్రత్త అనుకునేవాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలి. డాక్టర్ రెడ్డీస్ 1997లో బాలగ్లిటజోన్‌ను, ఆ మరుసటి ఏడాది రాగగ్లిటజార్‌ను (రెండూ మధుమేహం మందులు) డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్స్ ఇచ్చింది. మన దేశంలో పుట్టిన అణువుకి విదేశీ కంపెనీ డబ్బిచ్చి హక్కు కొనడం అప్పట్లో ఎంత పెద్ద వార్తో. రాగగ్లిటజార్ చివరి దశ ట్రయల్స్‌లో ఉండగా, 2002లో, జంతువుల మీద చేసిన పరీక్షల్లో మూత్రాశయ కణితులు కనబడి ట్రయల్స్ ఆపేశారు. అంత దూరం వెళ్లిన మందు అలా ఆగిపోయింది. రాబోయే మైలురాళ్ల డబ్బుని ముందే పుస్తకాల్లో రాసుకోకూడదన్న నియమం ఊరికే పుట్టలేదు. ఇప్పటి సంగతి చూస్తే, గ్లెన్‌మార్క్ సబ్సిడరీ ఐజీఐ 2025 జులైలో ఐఎస్‌బీ 2001 అనే క్యాన్సర్ మందును అబ్‌వీకి లైసెన్స్ ఇచ్చింది, 70 కోట్ల డాలర్లు అప్‌ఫ్రంట్, మైలురాళ్ల మీద గరిష్ఠంగా 122.5 కోట్ల డాలర్లు. రెండూ కలిపేస్తే వార్తకు బాగుంటుంది. పుస్తకాల్లో మాత్రం ఆ రెండో అంకె ఒక్కో మైలురాయి దాటుతుంటేనే వస్తుంది, కొన్ని ఎప్పటికీ రాకపోవచ్చు.

అప్రూవల్ ఏప్రిల్ 10న వచ్చి, అప్పటికి అకౌంట్లు ఇంకా సైన్ కాకపోతే? మార్చి 31 నాటికి ఎఫ్‌డీఏ నిర్ణయం జరగలేదు కాబట్టి నేను దాన్ని ఆ తర్వాతి సంఘటనగానే చూస్తాను. ఆదాయం వచ్చే ఏడాదికి, ఈ ఏడాది నోట్స్‌లో వెల్లడి. వచ్చినప్పుడు ఆ 40 లక్షల్లో లైసెన్స్‌కెంత, పనికెంత అని బుర్ర పాడుచేసుకోకు, మీ ఒప్పందంలో అప్లికేషన్ పెట్టడంతో పని అయిపోతుంది, అప్పటికి రెండు బాధ్యతలూ తీరి ఉంటాయి కాబట్టి ఎలా పంచినా అదే రోజు మొత్తం వచ్చేస్తుంది. ఎఫ్‌డీఏ ప్రశ్నలకు జవాబులివ్వడం కూడా మీ బాధ్యతే అని ఎక్కడైనా రాసి ఉంటే మాత్రం పని అప్రూవల్ దాకా సాగుతుంది, 20 శాతం లెక్క మార్చాలి. ఆ వాక్యం కోసం వెతుకు.

రాయల్టీకి విడి నియమం ఉంది, అది సులువు. లైసెన్స్ ప్రధానంగా ఉన్న రాయల్టీని అంచనా వేసి ముందే రాయడం అసలు కుదరదు, అవతలివాళ్లు అమ్మాకే. మన వైపు తోటాపురి మామిడి రైతుకి ఇది కొత్త కాదు, పూత చూసి ఎన్ని టన్నులని ఎంత లెక్క వేసుకున్నా ఫ్యాక్టరీ కాటా మీద తూకం పడ్డాకే డబ్బు లెక్క. 5 కోట్లు దాటితే వచ్చే 50 లక్షలు కూడా అమ్మకాల మీద ఆధారపడిందే కాబట్టి దానికీ ఇదే నియమం, గీత దాటిన త్రైమాసికంలో రాస్తారు.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త కావాలి. వాళ్ల సేల్స్ రిపోర్ట్ త్రైమాసికం అయిన 45 రోజులకు వస్తుందని "రిపోర్ట్ వచ్చాకే రాస్తాం" అనకూడదు. అమ్మకం మార్చిలో జరిగితే ఆదాయం మార్చిదే, వాళ్ల దగ్గర తాత్కాలిక అంకెలు తీసుకుని అంచనాతో రాయాలి, తర్వాత తేడా సర్దాలి. నెట్ సేల్స్ నిర్వచనం కూడా జాగ్రత్తగా చదువు, అమెరికాలో చార్జ్‌బ్యాక్‌లు (హోల్‌సేలర్లకు తిరిగి ఇచ్చే ధర తేడా), రిబేట్లు, రిటర్న్‌లు పోను మిగిలేది గ్రాస్ కంటే చాలా తక్కువగా ఉంటుంది, ఎండీ గారి బడ్జెట్‌లో గ్రాస్ మీద 8 శాతం వేసి ఉంటే ఇప్పుడే చెప్పెయ్. అలాగే కనీస రాయల్టీ గ్యారంటీ ఉన్న ఒప్పందాలు వస్తాయి. ఆ కనీస మొత్తం అమ్మకాల మీద ఆధారపడదు కాబట్టి ఈ మినహాయింపు దానికి దొరకదు, లైసెన్స్‌తో పాటు ముందే, డిస్కౌంట్ చేసి రాయాలి. మీ దాంట్లో లేదు.

ఇది చదివే మిగతా ఫార్మా అకౌంట్స్ వాళ్ల కోసం: సరుకు సప్లై చేసి, పార్ట్‌నర్ అమ్ముకున్నాక లాభంలో వాటా తీసుకునే ఒప్పందాలు మన రాష్ట్రాల కంపెనీల్లో చాలా ఎక్కువ. నాట్కో క్యాన్సర్ మందు లెనలిడోమైడ్ అందరికీ తెలిసినదే. అసలు మందు తయారుచేసిన సెల్జీన్‌తో పేటెంట్ పేచీలో 2015 డిసెంబరులో రాజీ కుదిరింది, 2022 మార్చిలో పార్ట్‌నర్ టెవా ద్వారా పరిమిత పరిమాణంలో అమెరికా మార్కెట్లోకి వెళ్లింది, 2026 జనవరి 31 నుంచి పరిమితి లేకుండా. ఇలాంటి లాభవాటాని చాలామంది రాయల్టీలాగా "అవతలివాళ్లు అమ్మాకే" అని అనుకుంటారు. అది లైసెన్స్ రాయల్టీ అయితేనే ఆ మినహాయింపు. మీరు మాత్రలు అమ్ముతున్నారు, వాటి ధరలో ఒక భాగం తర్వాత తేలుతుంది అంటే అది సరుకు ధరే. సరుకు ఇచ్చిన రోజు, వెనక్కి తీయాల్సిన అవసరం రాదని గట్టి నమ్మకం ఉన్నంత మేరకు లాభవాటా కూడా రాయాలి. డాక్టర్ రెడ్డీస్ వార్షిక నివేదికలో అకౌంటింగ్ పాలసీల నోట్ తెరిస్తే లాభవాటా గురించి, లైసెన్స్ ఫీజుల గురించి విడివిడిగా రాసి ఉంటుంది, ఒకసారి చదవడం మంచిది. మీ 8 శాతం విషయంలో సప్లై ధర మార్కెట్ ధరే కాబట్టి రాయల్టీ లైసెన్స్‌కే చెందుతుంది, పేచీ లేదు.

టాక్స్, ఫారెక్స్ త్వరగా చెప్పేస్తాను. భారత్ అమెరికా ఒప్పందం ప్రకారం ఇలాంటి రాయల్టీ చెల్లింపుల మీద అక్కడ 15 శాతం పట్టొచ్చు, 60 మీద 9, అందుకే నీకు 51 పడింది. లెక్క మొదలుపెట్టాల్సింది 60 నుంచే. 9 లక్షలు మీ తరఫున కట్టిన టాక్స్, ఇక్కడ క్రెడిట్ దొరికే మేరకు ఆస్తి, దొరకనిది టాక్స్ ఖర్చు. 51నే ఆదాయంగా రాసిన కంపెనీలు ఉన్నాయి, అది తప్పు. ఇక మిగిలిన 12 లక్షల కాంట్రాక్ట్ లయబిలిటీని ప్రతి మార్చికీ కొత్త డాలర్ రేటుకి మార్చొద్దు. ఇండ్ ఏఎస్ 21 అనుబంధం బీ ప్రకారం అడ్వాన్స్ అందిన రోజు రేటే దానికి చివరిదాకా. అందిన రోజు డాలర్ 85 రూపాయలు అనుకుంటే అది 10.2 కోట్ల రూపాయలు, తర్వాత 88 అయినా 82 అయినా ఆదాయంలోకి వచ్చేది ఆ 10.2 కోట్లే. ఇన్‌కమ్ టాక్స్‌లో ఆదాయం ఏ ఏడాదికి వస్తుందన్నది వేరే లెక్క, దాన్ని ఇందులో కలపకు, రెండు లెక్కల మధ్య తేడాని డెఫర్డ్ టాక్స్ చూసుకుంటుంది.

ఆదాయం ఏ హెడ్ కింద అని కూడా అడిగావు. లైసెన్స్‌లు ఇవ్వడం మీ కంపెనీ వ్యాపారంలో భాగమే, ఆర్ అండ్ డీ పెట్టుకున్నదే అందుకు, కాబట్టి రెవెన్యూ ఫ్రమ్ ఆపరేషన్స్‌లో. పేటెంటే పూర్తిగా అమ్మేసి చేతులు దులుపుకుంటే, అది మీ రోజువారీ వ్యాపారం కాకపోతే, అప్పుడు ఆస్తి అమ్మిన లాభం.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఒక మెమో రాయి, నాలుగైదు పేజీలు చాలు. ఒప్పందంలోని మాటలు, ఇచ్చిన మూడు మాటలు ఎందుకు వేరో, 15కీ 45కీ ఆధారాలు, 20 శాతం ఎలా వచ్చింది, 40 లక్షలు ఎందుకు రాయలేదు. ఎండీ గారితో, ఆడిటర్ గారితో విడివిడిగా వాదించకుండా ఇద్దరికీ ఒకే మెమో ఇవ్వు.

దానికి ముందు ఆ తేదీ తేల్చుకో. టెక్ ట్రాన్స్‌ఫర్ ప్యాకేజీ "మార్చి చివర్లో పంపుతామన్నారు" అని రాశావు, పంపినట్టు రాయలేదు. డేటా రూమ్‌లో ఫైళ్లు పెట్టిన లాగ్, అవతలి కంపెనీ అందిందని ఇచ్చిన ఈమెయిల్, ఏ ఏ డాక్యుమెంట్లు అందాయో అనెక్షర్‌లోని జాబితాతో సరిపోల్చిన కాగితం, ఈ మూడూ నీ ఫైల్లో ఉండాలి. ముఖ్యమైనవి కొన్ని ఏప్రిల్‌లో వెళ్లాయంటే 45 లక్షలు ఈ ఏడాదికి రావు. అప్పటిదాకా లైసెన్సే వాళ్ల చేతికి రాలేదు కాబట్టి డెవలప్‌మెంట్ పని మీద రాసిన 3 లక్షల్ని కూడా మళ్లీ చూడాలి. రెగ్యులేటరీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరు పంపారో కనుక్కుని ఆ లాగ్ తీసుకో, తేదీ ఏదో ఇక్కడే రాయి, మిగతాది దాన్ని బట్టి చెప్తాను.